అసిరి జాన

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మా ముత్తవ్వకి వాళ్ళ ముత్తవ్వ చెప్పిందట. ఆవిడకి ఎవరు చెప్పారో ఆవిడే మర్చిపోయిందట. అంత పాత సంగతి. ఊఁ కొట్టేవాళ్ళు కొట్టండి, నిద్రొచ్చినవాళ్ళు పోయి పడుకోండి. నేను మాత్రం మధ్యలో ఆపేదాన్ని కాదు.

ఒక గెడ్డ ఉండేది. గెడ్డంటే కొండల మీంచి దిగే వాగు. ఎండాకాలంలో దూడపిల్ల కూడా గిట్ట తడవకుండా దాటేస్తుంది. వాన పడిందా, ఏనుగు కూడా అడుగెయ్యలేదు. ఆ గెడ్డ పక్కన కట్టవలస అని ఊరు. గెడ్డకీ ఊరికీ మధ్య మట్టికట్ట. కట్ట నిలిస్తే ఊరు నిలుస్తుంది. కట్ట తెగితే ఇంక చెప్పేదేముంది, మీరే చూస్తారుగా.

ఆ కట్టని ఊరంతా పంచుకుంది. ఇంటికో వంతు. వంతుకీ వంతుకీ మధ్య ఒక గురుతు రాయి. వానలకి ముందు ఎవరి వంతు వాళ్ళు మట్టి వెయ్యాలి, దిమ్మిసతో అణిగేలా కొట్టాలి, గడ్డి నాటాలి. పద్ధతి బాగానే ఉంది కదా. ఇక్కడే ఉంది తిరకాసు. పక్కవాడి వంతు మీద చెయ్యేస్తే "నా వంతు కాజేద్దామనా?" అని తగువు. తలకాయలు పగిలిన తగువులున్నాయి ఆ ఊళ్ళో. అందుకని ఇటువాడు గురుతు రాయికి జానెడు ఇవతలే ఆపేసేవాడు. అటువాడు జానెడు అవతలే ఆపేసేవాడు. కట్టంతా గట్టిగా ఉండేది, రాళ్ళ దగ్గర మాత్రం పుట్టమన్నులా ఉండేది. అదేమిటయ్యా అని అడిగితే ఊరందరిదీ ఒకటే మాట.

"మాది కాదు, పక్కది."

ఆ ఊళ్ళో అసిరి అని ఒకావిడ. ఈతాకు చాపలు అల్లుకుని బతికేది. మొగుడు ఏనాడో పోయాడు, పిల్లల్లేరు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరితోనూ తగువు పడేది కాదు, ఎవరి జోలికీ పోయేది కాదు. ఆమె వంతు పక్కనే సన్యాసి వంతు. వరసకి తమ్ముడు. సన్యాసి పెళ్ళాం తవుడమ్మ.

ఒకనాడు అసిరి ఆకు కోసుకుని కట్ట మీంచి వస్తోంది. గురుతు రాయి పక్కన పీత కన్నం కనిపించింది. వంగి చూసింది. చెయ్యి పెడితే మోచేతిదాకా పోయింది. అటుగా సన్యాసి వస్తున్నాడు.

"తమ్ముడూ, పీత కన్నం పడిపోనాది. సూసినావా?"

"సూసినానప్పా. మొన్ననగా సూసినాను. అది నీ వైపుది కదేటి?"

"నా వైపుది కాదు. రాయికి నీ దిక్కునే ఉంది."

"నాను ముట్టుకుంటే రేపు నువ్వే అంటావు, సన్యాసిగాడు నా వంతులోకి జొరబడ్డాడని."

"నాను ముట్టుకుంటే నువ్వనవా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. మంచి మనుషులే పాపం. అసిరి ఆకుమోపు ఎత్తుకుని ఇంటికెళ్ళింది. సన్యాసి గొడ్ల దగ్గరికెళ్ళాడు. పీత మాత్రం ఇంకాస్త లోపలికెళ్ళింది.

వాన పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం ఆ కన్నం దగ్గరే కట్ట తెగింది. నీళ్ళు ఊళ్ళోకొచ్చాయి. ఇళ్ళు కూలాయి, గాదెలు తడిశాయి, కోళ్ళు చచ్చాయి. జనం కొండెక్కి బతికారు. సన్యాసి కూడా ఎక్కాడు. ఎక్కినవాడు, పాకలో గేదె కట్టేసుందని వెనక్కి దిగాడు. గేదె వచ్చింది, సన్యాసి రాలేదు.

నీళ్ళు తీశాక ఊరంతా కూర్చుంది. కట్ట ఎందుకు తెగింది? ఒకడు గెడ్డకి కోపం వచ్చిందన్నాడు. ఇంకొకడు పైఊరివాళ్ళు అడివి కొట్టేశారన్నాడు. మరొకడు కాలం చెడిందన్నాడు. ముగ్గురి మాటలకీ అందరూ తలూపారు. అసిరి ఒక్కతే తలూపలేదు. చెప్పులో రాయి పడ్డట్టు నిలబడలేక, కూర్చోలేక అక్కడే తిరుగుతోంది.

అక్కణ్ణించి మొదలైంది ఆమెకి. కాలు ఒకచోట నిలవదు. చాప మొదలెడుతుంది, మూరెడు అల్లి వదిలేస్తుంది. ఎసరు పెడుతుంది, బియ్యం పొయ్యడం మర్చిపోతుంది. కట్ట మీదికి పోతుంది, వస్తుంది, మళ్ళీ పోతుంది. చేతికి అంటుకున్న బంక కడిగినా పోనట్టు ఆ కన్నం ఆమెని పట్టుకుంది. చెయ్యి పెట్టి చూశాను. ఒక తట్ట మట్టి వేస్తే పోయేది. వెయ్యలేదు. ఇదే ఆమె లోపల తిరుగుతున్న మాట.

చెప్పేద్దామనుకుంది. ముందు ఊరిపెద్ద తిరపతినాయుడి దగ్గరికెళ్ళింది.

"బాబూ, కట్ట తెగింది నా వల్లే. కన్నం సూసీ పూడ్చలేదు."

నాయుడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒలే అసిరీ, నోరు ముయ్యి. నువ్వు నీ వల్లంటావు. రేపు ఇంకొకడు, పెద్దవై ఉండి నువ్వెందుకు సూడలేదని నన్నడుగుతాడు. తరవాత ఊరందర్నీ అడుగుతారు. ఇదెక్కడ ఆగుతాది? గెడ్డ తెంపింది, అయిపోయింది. ఇంటికి పో."

అసిరి వచ్చేసింది. కాలు నిలవలేదు. అమ్మోరి పూజారి దగ్గరికెళ్ళింది.

"అయ్యా, కట్ట తెగింది నా వల్లే. కన్నం సూసీ పూడ్చలేదు."

పూజారి కళ్ళు మూసుకుని, తెరిచి, "అమ్మోరికి ఒక కోడిని కొయ్యి, తీరిపోతాది" అన్నాడు. కోడిని కోసింది. తీరలేదు. కూర మాత్రం పూజారి ఇంట్లో ఘుమఘుమలాడింది.

ఇక మిగిలింది తవుడమ్మ. అసలు చెప్పాల్సింది ఆమెకే కదా. అసిరికి తెలుసు. తెలుసు కాబట్టే అందర్నీ చుట్టి ఆఖర్న వచ్చింది. వాకిట్లో నిలబడింది. తవుడమ్మ బొట్టులేని మొహంతో బయటికొచ్చింది.

"కాస్త నిప్పు కావాలి తవుడమ్మా" అంది అసిరి.

తవుడమ్మ నిప్పు ఇచ్చి లోపలికెళ్ళిపోయింది. మర్నాడు అసిరి మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఉప్పు కావాలంది. ఉప్పు ఇచ్చి లోపలికెళ్ళిపోయింది. ఆ మర్నాడు జల్లెడ కావాలంది. జల్లెడ ఇచ్చి తలుపు దగ్గరికేసుకుంది. ఆ జల్లెడ చంకన పెట్టుకుని అసిరి దారంతా ఏడ్చింది. ఇంట్లో జల్లించడానికి గింజ లేదు.

తెగినచోట పూడ్చలేదా అంటారేమో. పూడ్చారు. ఊరంతా కలిసి పూడ్చారు. ఊరంతా కలిసి అంటే ఎవరూ పూడ్చలేదని అర్థం. తలా తట్టెడు ఇసక విసిరి చేతులు దులుపుకున్నారు. దిమ్మిస ఎవరు కొట్టాలి? మాది కాదు, పక్కది.

ఈలోగా తిరపతినాయుడికి ఒక ఆలోచన పుట్టింది. ఆయన ఒకసారి రాజుగారి ఊరు చూసొచ్చాడు. అక్కడ యుద్ధం గెలిచినందుకు రాతిస్తంభం ఉందట.

"మనం కూడా స్తంభం కడదాం. యుద్ధానికి కాదు, పూచీకి. ఎవరి పూచీ వాళ్ళదే అని, ఊళ్ళోకొచ్చే దారిలో, ఊరి మొగలో నిలబెడదాం. వచ్చేపోయేవాళ్ళు చూసి, కట్టవలసవాళ్ళు బాధ్యత తెలిసినవాళ్ళు అనుకోవాలి. ఇంటికింత రాయి తేవాలి."

ఊరు ఉప్పొంగిపోయింది. బళ్ళు కట్టారు. కొండ నుంచి రాళ్ళు వచ్చాయి. నున్నటివి, పెద్దవి, నెత్తిన పెట్టుకుంటే మెడ దిగిపోయేవి. పూజారి పసుపు పూసి, కుంకం పెట్టి, ఇవి అమ్మోరి రాళ్ళన్నాడు. స్తంభానికి తప్ప ఇంకోదానికి ముట్టుకుంటే ఊరి నుంచి వెలి. నాయుడు చాటింపు వేయించాడు.

రాళ్ళొచ్చాయి, స్తంభం లేవలేదు. ఎందుకంటారా? అందరికీ తమ రాయి పైన ఉండాలి. అడుగున ఉంటే ఎవరు చూస్తారు? మట్టిలో కూరుకుపోతుంది. రాళ్ళు చెక్కే దిబ్బయ్య ఉలి పట్టుకుని రోజూ వస్తాడు, "అడుగు రాయి ఎవరిదయ్యా?" అని అడుగుతాడు.

"మాది కాదు, పక్కది."

దిబ్బయ్య చుట్ట కాల్చుకుని ఇంటికెళ్తాడు. బాధ్యతకి స్తంభం కడుతున్నవాళ్ళండీ వీళ్ళు. నవ్వకండి, మీ ఇళ్ళల్లో ఎలా ఉందో చూసుకోండి ముందు.

మళ్ళీ మబ్బు పట్టింది. కొండ మీద నల్లగా దించేసింది. అసిరి కట్ట మీదికి పరిగెత్తింది. పూడ్చినచోట కట్ట చెమ్మగిల్లింది. ఇసక జారుతోంది. తట్టతో మట్టి తెచ్చి వేసింది. జారిపోయింది. ఇంకా తెచ్చింది. అదీ జారిపోయింది. తడికె తెచ్చి అడ్డం పెట్టింది. తడికెతో సహా జారిపోయింది. రాయి పడితే గాని నిలవదు. రాళ్ళన్నీ ఊరి మొగలో ఉన్నాయి, పసుపు పూసుకుని.

ఊరి మొగకి పరిగెత్తింది. జనమంతా అక్కడే ఉన్నారు, అడుగు రాయి గురించి అరుచుకుంటున్నారు.

"కట్ట చెమ్మగిల్లింది. రండి" అంది అసిరి.

"ఎక్కడ?"

"తెగినచోటే. నా వంతుకీ తవుడమ్మ వంతుకీ మధ్య."

"అయితే నువ్వూ తవుడమ్మా సూసుకోండి. మేమేటి చేస్తాం?" అన్నాడొకడు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. మళ్ళీ అరుచుకోవడంలో పడ్డారు.

అసిరి ఒక్క క్షణం నిలబడింది. ఆమె కాలు నిలవడం చాలా రోజుల తరవాత అదే. తరవాత వంగి, కుప్పలోంచి ఒక రాయి నెత్తికెత్తుకుంది.

అందరూ ముక్కున వేలేసుకున్నారు. నాయుడు అడ్డం వచ్చాడు.

"అసిరీ, దించు. అమ్మోరి రాయది. వెలేస్తాం. నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. సచ్చిపోతే మొయ్యడానికి నలుగురుండరు."

"ఎయ్యండి బాబూ" అంది. భయం లేక కాదు, భయంగానే ఉంది. కాని ఈసారి ఇంటికెళ్ళిపోతే ఇక బతికున్నంతకాలం కంటికి కునుకు రాదని ఆమెకి తెలుసు. నాయుణ్ణి తప్పుకుని నడిచింది.

రాయి ఇసక జారుతున్నచోట దించి వెనక్కి తిరిగితే, తవుడమ్మ. తట్టతో మట్టి పట్టుకుని నిలబడి ఉంది. వాన మొదలైంది. అసిరి ఇంక దాచుకోలేకపోయింది.

"తవుడమ్మా, నాను సూసినాను. ఆ కన్నం సూసినాను. చెయ్యి పెట్టి సూసీ ఎల్లిపోనాను. నీ మొగుణ్ణి నానే..." అని ఆగిపోయింది. "నిప్పుకి రాలేదు. ఉప్పుకి రాలేదు. ఇది చెప్దామనే వచ్చినాను. నోరు రాలేదు."

తవుడమ్మ తట్ట కింద పెట్టింది. తిడుతుందనుకుంది అసిరి. కొడుతుందనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

"ఆయనా సూసినాడు వదినా" అంది తవుడమ్మ. "ఇంటికొచ్చి అన్నం తింటా నాతో చెప్పినాడు. ఎల్లి పూడ్చేసొస్తాను, అప్ప ఏటీ అనుకోదులే అన్నాడు. నానే వద్దన్నాను. మనం పూడిస్తే అది మన వంతే అనీస్తారు, ఏటేటా మనమే చెయ్యాలన్నాను. ఆ మాట నాననకపోతే ఆయన ఎల్లీవాడే. నువ్వు నిప్పుకి రాలేదని నాకు అప్పుడే తెలుసు. నువ్వు చెప్తే నానూ చెప్పాలి. అందుకే తలుపేసుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎక్కువసేపు కాదు. గెడ్డ ఎక్కువసేపు ఇవ్వలేదు. ఇద్దరూ రాళ్ళకి పరిగెత్తారు.

ఒక రాయి తెచ్చారు. రెండో రాయి తెచ్చారు. మూడో రాయికి నాయుడు, పూజారి, ఊరందరూ కట్ట మీదికి వచ్చేశారు. వెలి చెప్పడానికి వచ్చారు.

"అమ్మోరి రాళ్ళు ఎవరు తీశారు?" అన్నాడు నాయుడు. తెలిసే అడిగాడు. వెలెయ్యాలంటే నలుగురిలో అడిగి ఒప్పించడం పద్ధతి.

"నాను" అంది అసిరి. మోకాళ్ళ లోతు బురదలో ఉంది.

"నానూ" అంది తవుడమ్మ.

నాయుడు ఇంకో మాట అనాలి. అది అనకుండా తలపాగా సర్దుకున్నాడు. ఎందుకంటే ఆ ఊళ్ళో తప్పెవరిదంటే నలుగురి ముందూ "నాది" అన్నవాళ్ళని ఆయన అంతకుముందు చూడలేదు. తరవాత ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. అందరూ అలాగే నిలబడ్డారు. కాళ్ళ కింద కట్ట సన్నగా అదురుతోంది.

అప్పుడు రాళ్ళు చెక్కే దిబ్బయ్య కిందికి చూసుకున్నాడు. ఆయన నిలబడింది తన గురుతు రాయి పక్కనే. బొటనవేలితో నొక్కితే వేలు దిగిపోయింది. చుట్ట పారేశాడు.

"ఇది నాది" అన్నాడు. మెల్లిగానే అన్నాడు. "పోయినేడు నుంచీ ఇలాగే ఉంది. సూస్తానే ఉన్నాను." అని రాయికోసం వెళ్ళాడు.

ఆయన పక్కవాడు తన వంతు చివరికెళ్ళి కాలితో తన్ని చూశాడు. "ఇదీ నాదే" అన్నాడు. ఇంకో ముసలమ్మ, "నా వైపు ఎలక బొక్క ఉందర్రా, చాపేసి కప్పాను" అంది. మాట కట్ట పొడుగునా పాకింది. నాది, నాది, నాది. వానలో అరుస్తున్నారు. ఎవరు ముందు చెప్తారా అని కొట్టుకుంటున్నారు. చివరికి తిరపతినాయుడు తలపాగా తీసి నడుముకి బిగించి, "అన్ని వంతులూ సూడాల్సింది నాను. ఒక్కనాడు కట్ట ఎక్కలేదు" అన్నాడు. ఆయన ఎత్తింది అన్నిట్లోకీ పెద్ద రాయి. సగం దూరంలో నడుం పట్టేసింది, అది వేరే సంగతి.

పొద్దు గూకేసరికి స్తంభం రాళ్ళన్నీ కట్టలోకి పోయాయి. ఎవరి రాయి పైనుందో, ఎవరి రాయి అడుగునుందో చూసినవాళ్ళు లేరు. గెడ్డ కట్ట అంచుదాకా వచ్చి నాకింది. వెనక్కి పోయింది. ఊరు నిలిచింది. వెలి మాట మళ్ళీ ఎత్తినవాళ్ళు లేరు. వెయ్యాలంటే ఊరందర్నీ వెయ్యాలి కదా. పూజారి కూడా మూడు రాళ్ళు మోశాడు, కోడి రుణం అలా తీర్చుకున్నాడు.

తరవాత అసిరి స్థిమితంగా కూర్చుందా అంటే, లేదు. ఆ మనిషికి కాలు నిలవడం రాసిపెట్టి లేదు. ఏటేటా వానలకి ముందు తన వంతు కొట్టేది. గురుతు రాయి దాటి పక్కవాళ్ళ వంతులోకి ఒక జానెడు కొట్టేది. ఇటు జానెడు, అటు జానెడు. తవుడమ్మ ఇటు నుంచి జానెడు అసిరి వంతులోకి కొట్టేది. మొదట్లో అవతలివైపు మనిషి తగువుకొచ్చాడు.

"నా వంతు కాజేస్తావేటే?"

"నీ వంతు నీదే. ఈ జానెడు మట్టుకు నాది కూడా. నువ్వూ నా వంతులోకి ఓ జానెడు కొట్టు" అనేది అసిరి. కొడతావా లేదా అని అక్కడే నిలబడేది. విసిగిపోయి కొట్టేవాడు.

అలా ముసల్దైంది. ఒక ఎండాకాలం, వానలకి కాస్త ముందు, అల్లుతున్న చాప మీదే పోయింది. మొయ్యడానికి నలుగురుండరన్నారు కదా, ఊరంతా భుజం పట్టింది. నాయుడి కొడుకు అప్పటికి ఊరిపెద్ద. అసిరమ్మకి రాయి నిలబెడదామన్నాడు. ముసలి తవుడమ్మ కసిరింది.

"రాయి నిలబెడితే మళ్ళీ అడుగు రాయి ఎవరిదంటారు. ముందు దాని వంతు ఎవరు కొడతారో చెప్పండి. వానొస్తోంది."

అసిరికి వారసులెవరూ లేరు. ఆ వంతు ఎవరిదీ కాదు. పూర్వపు కట్టవలస అయితే ఏమనేదో మీకు తెలుసు. ఆ ఏడు అలా అనలేదు. ఇంటికొకరు తట్టతో వచ్చారు. ఇంటికి జానెడు చొప్పున అసిరి వంతంతా కొట్టేశారు. ఎక్కడ ఎవరి జానెడు ఆగి ఎవరిది మొదలైందో ఇప్పటికీ చెప్పలేరు. కట్ట మొత్తంలో గట్టి చోటు అదే.

ఇప్పటికీ ఆ గెడ్డ ఉంది, ఆ కట్ట ఉంది. స్తంభం ఏదని పైఊరివాళ్ళు అడిగితే కట్ట చూపిస్తారు. వాళ్ళకి అర్థం కాదు, పోతారు. ఏటేటా తొలకరికి ముందు ఊరంతా కట్ట ఎక్కుతుంది. తన వంతు కొట్టాక ఇటు జానెడు, అటు జానెడు కొట్టందే ఎవరూ దిమ్మిస దించరు. పొలంలో గట్టు వేసినా, వీధి ఊడ్చినా, పాక కప్పినా అంతే. పని అయిపోయిందని కూర్చున్నవాణ్ణి పెద్దవాళ్ళు అడిగే మాట ఒకటుంది. "అసిరి జాన వేశావా?"

మొన్నామధ్య ఆ ఊరికి కాపరానికొచ్చిన కొత్తకోడలు ఒకతి, అత్తతో కట్ట ఎక్కింది. గురుతు రాయిదాకా కొట్టి దిమ్మిస దించబోయింది.

"ఆగకు. ఇంకో జానెడు కొట్టు" అంది అత్త.

"రాయి ఇక్కడే ఉంది కదత్తా. ఆ జానెడు మనది కాదు, పక్కది."

అత్త ఒక్కసారిగా కోడలి చెయ్యి పట్టుకుంది. అటు పక్క వంతులో పనిచేస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. కట్ట పొడుగునా దిమ్మిసల చప్పుడు ఆగింది. పిల్ల బెదిరిపోయింది, తనేం తప్పు మాట అందో దానికి తెలియలేదు.

"ఆ మాట ఇక్కడ అనకూడదే అమ్మా" అంది అత్త. అని దిమ్మిస తనే అందుకుని, రాయి దాటి, ఆ జానెడూ కొట్టింది.